నాయిన నౌకరీ

నందికొండ, పైలాన్ కాలనీ
10 జులై 1988

బిడ్డా ఖమర్,

మీ అమ్మ ఇక్బాల్ బీ చెప్తుంటే పక్క క్వార్టర్ జానమ్మ రాస్తున్న ఉత్తరం ఇది. పానం బాగుందా? హాస్టల్ల కడుపు నిండ పెడుతున్నరా? నేను మంచిగనే ఉన్న. మోకాలు నొప్పి ఉన్నది, అది యాడికి పోతది.

మొన్న డివిజన్ ఆఫీసు నుంచి మనిషొచ్చి పిలిచిండు. పోయిన. హెడ్ క్లర్కు కుర్చీ చూపెట్టి కూసో అన్నడు. మీ నాయిన జీతం ఆలస్యమైందని అడగబోతే గడప దాటనియ్యని మనిషి. అందుకే కూసోమంటే నాకు ముందు భయమైంది, మళ్ల ఏం చావు వార్త చెప్తడో అని.

చెప్పింది గిది. కాల్వ తూముల కాడ నీళ్లు ఇడిసే లస్కరు పని చేస్తూ చేస్తూ మీ నాయిన పోయిండు గాబట్టి, ఇంట్ల ఒకళ్లకు సర్కారు నౌకరీ ఇస్తదట. పోయిన దినం నుంచి సంవత్సరం లోపల అడగాలె. అంటే డిసెంబర్ దాటితే లేదు. "మీ బిడ్డ ఇంటర్ పాసయింది గద. ఆమెకైతే కుర్చీ బల్ల ఉన్న పని వస్తది. పేరు పెట్టు" అన్నడు. మన ఇంట్ల ఎవ్వరు నౌకరీ తీసుకోకపోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాల్నట.

రమ్మని నేను చెప్ప. రావద్దని గూడ చెప్ప. నిన్ను డిగ్రీల ఏసింది మీ నాయిన. ఆయన లేడు. నాకు ఆ డిగ్రీ అంటే ఏందో, దాంతోని ఏమొస్తదో తెల్వదు. నువ్వే చెప్పు.

మీ అమ్మ

ఇది జానమ్మ మాట, ఆమెకు చదివి వినిపియ్య. ఏం చెప్పనంటది గని మీ అమ్మ నిద్రపోతలేదు పిల్లా. సర్కారు నౌకరీ ఇంటికొచ్చి పిలుస్తుంటే వద్దనేటోళ్లు ఉంటరా? మా ఆయన ఐటీఐ చదివి పంపు హౌసుల పర్మినెంటు అయ్యేటాళ్లకు తల నెరిసింది. జల్ది ఆలోచన చెయ్యి.


నల్గొండ
17 జులై 1988

అమ్మకు సలాం. జానమ్మత్తకు నమస్తే.

ఉత్తరం అందింది. తిండికి లోటు లేదు, పప్పు నీళ్లగా ఉంటుంది, అంతే. ఈ ఏడు కొత్త వార్డెన్ మేడమ్ వచ్చింది. నా పేరు చూసి ఉర్దూలో ఏదో అడిగింది. ఏమన్నారు మేడమ్ అని నేను తెలుగులో అడిగితే "ఖమర్ అని పేరు పెట్టుకొని ఉర్దూ రాదా?" అంది. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం మేడమ్ అన్నాను. నా గదిలో ఉండే మంజులత ఊరుకోదు కదా. నకిరేకల్ పిల్ల, నోరు పెద్దది. "దీనికి ఉర్దూ రాదు, నాకు లెక్కలు రావు, ఆకలి మాత్రం ఇద్దరికీ దండిగా వస్తుంది మేడమ్" అంది. మేడమ్ కూడా నవ్వింది.

అమ్మా, నౌకరీ సంగతి. నేను వస్తాను. ఎక్కువ ఆలోచించాల్సింది ఏముంది? మొదటి సంవత్సరం అయింది, ఇంకా రెండేళ్లు ఉన్నాయి. ఆ రెండేళ్లు ఎలా గడుస్తాయి, గడిచాక ఏమొస్తుంది? మా హాస్టల్‌లోనే ఉండి చదివిన నర్సింగమ్మ అక్క ఫస్టు క్లాసులో పాసైంది. ఇప్పుడు నకిరేకల్‌లో బట్టల దుకాణంలో చీరలు మడత పెడుతోంది. మొన్న కనిపిస్తే "డిగ్రీ చదివినదాన్ని గాబట్టి మడత సక్కగ వస్తది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు ముందు నుంచి పోతే ఎప్పుడు చూసినా డిగ్రీ వాళ్ల వరుసే.

క్వార్టర్ పోతే నువ్వెక్కడికి పోతావు? మెహమూద్ మామ ఇంటికా? అత్త నిన్ను ఎన్ని రోజులు చూస్తుంది? అందుకని తేల్చుకున్నాను. హెడ్ క్లర్కుకు నా పేరు చెప్పు. ఎప్పుడు రావాలో రాయి, వెంటనే వస్తాను.

నీ బిడ్డ
ఖమర్


నందికొండ
2 ఆగస్టు 1988

బిడ్డా,

నీ ఉత్తరం జానమ్మ రెండుసార్లు చదివింది. నువ్వు అంత జల్ది వస్తనంటవని నేను అనుకోలే. కొంచెమన్న ఏడుస్తవని, వద్దంటవని అనుకున్న. నీకు చదువంటే ఎంత పానమో నాకు తెల్వదా? ఏడో తరగతిల జరమొస్తె బడికి పోవద్దంటే కిటికీల నుంచి దుంకినవు. గసొంటిదానివి నా క్వార్టర్ కోసం, నా మోకాలు కోసం చదువు ఇడిసి పెడుతున్నవు. అది నాకు మింగుడుపడతలేదు.

మీ నాయిన ఎట్ల చేసెటోడో నీకు చెప్పలే. తూము కాడికి పెద్ద సారు జీపుల వస్తడు. నీళ్లెన్ని ఇడిసినవు అని అడుగుతడు. ఈయన నీళ్ల సంగతి చెప్పి, అడగకముందే "మా పిల్ల డిగ్రీ సార్" అనెటోడట. సారు ఎన్నిసార్లొస్తే అన్నిసార్లు. ఆఖరికి సారే జీపు దిగంగనే "మీ పిల్ల డిగ్రీ, తెలుసు ఖుద్దూస్, నీళ్ల సంగతి చెప్పు" అన్నడట.

అందుకని నేనొక పని చేసిన. ఆఫీసుకు పోయి, నా బిడ్డ చదువుకుంటది, నౌకరీ నాకియ్యి అని అడిగిన. హెడ్ క్లర్కు నవ్విండు. "నీకు అక్షరం ముక్క రాదు, ఏం చేస్తవమ్మా?" అన్నడు. మీరు చెప్పేది చేస్త అన్న. ఊడ్చుడు, నీళ్లు తెచ్చుడు, చాయ్ గ్లాసులు కడుగుడు, ఆ బల్ల మీది కాగితాలు ఈ బల్లకు అందిచ్చుడు. గదే పని. చేతనైతది అన్న. అట్లయితే రాసిస్త, వేలిముద్ర వెయ్యి అన్నడు. రెండు దినాలు ఆగమన్న.

మెహమూద్ మామకు ఎవలు చెప్పిన్రో, మిర్యాలగూడ నుంచి ఉరికొచ్చిండు. "మన ఇంటి ఆడది ఆఫీసుల పదిమంది ఎంగిలి గ్లాసులు కడుగుతదా? రేపు పిల్లకు సంబంధం యాడికెళ్లి తేవాలె?" అని ఒర్రిండు. అప్పుడు ఆయన చాయ్ తాగిన గ్లాసు నా చేతిలనే ఉన్నది. చూపెట్టి, "ఇదెవలిది?" అని అడిగిన. బువ్వ తినకుండనే బస్సెక్కి పోయిండు. కోపంల మనిషి కండువా మర్చిపోయిండు.

నువ్వు చదువుకో. నా ఫికర్ చెయ్యకు.

మీ అమ్మ

జానమ్మ మాట: నేనైతే నీ ఆలోచనే మంచిదంటున్న. కాళ్లు బాగలేని మనిషి ఆ మెట్లెక్కి దిగుతదా? జర గట్టిగ రాయి.


నల్గొండ
9 ఆగస్టు 1988

అమ్మా,

నన్ను అడగకుండా ఆఫీసుకు ఎందుకు పోయావు? నేను వస్తానని అంత స్పష్టంగా రాసిన తర్వాత కూడా?

ఆ పని నువ్వు చేయకూడదు. నేను ఒప్పుకోను. నాయినను గడప దాటనివ్వని ఆ మనిషి తాగిన గ్లాసు నువ్వు కడగడమా? ఇంటర్ పాసైన బిడ్డ ఉండగా తల్లి ఆఫీసులో చీపురు పట్టిందని అందరూ అనరా? మెహమూద్ మామ నోరు మంచిది కాదు గాని ఈసారి ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నువ్వు అక్కడ ఊడుస్తూ ఉంటే నేను ఇక్కడ కాలేజీలో ఎవరి ముఖం చూసి కూర్చోవాలి? నా తల ఎలా లేస్తుంది?

డిగ్రీ, డిగ్రీ అని నాయిన అందరికీ చెప్పుకున్నాడంటే అది ఆయనకు తెలియక. డిగ్రీ చేసినవాళ్లు ఏమవుతున్నారో నేను ఇక్కడ కళ్లారా చూస్తున్నాను. దానికోసం నువ్వు అంత పని చేయడం దండగ.

శుక్రవారం టీసీ కోసం దరఖాస్తు ఇస్తున్నాను. అది చేతికి రాగానే బయలుదేరతాను. నువ్వు నీ పేరు మీద ఏ కాగితానికీ వేలిముద్ర వేయవద్దు. ఇదే నా మాట.

ఖమర్


నందికొండ
20 ఆగస్టు 1988

బిడ్డా,

నీకు సిగ్గయితదని నేను అనుకోలే. అనుకోవాల్సి ఉండె.

ఈ యేడు కాలేజీ తెరిచినంక నేను మామిడికాయ తొక్కు పట్టుకొని నీ హాస్టల్‌కొచ్చిన యాదికున్నదా? నన్ను లోపలికి పిలువలే. గేటు కాడనే నిలబడి డబ్బా అందుకొని "బస్సు పోతది, పో అమ్మా" అన్నవు. పిల్లకు నా బస్సు ఫికరున్నదని తొవ్వ పొడుగూత సంబురపడుకుంట వచ్చిన. ఇప్పుడు సమజయింది. పాత చీర కట్టుకొని వచ్చిన నేను.

నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. నీ పేరు మీద రాయమని చెప్తా, వేలిముద్ర వేస్తా. నీకు అక్కరలేని తాన నేను పట్టుపట్ట.

మీ అమ్మ

ఖమరూ, ఇది నేను జానమ్మను. ఎంత పని చేసినవే! గట్టిగ రాయమంటే గంత గట్టిగనా? "ఎవరి ముఖం చూసి కూర్చోవాలి" అన్న ముక్క కాడికి వచ్చినంక ఆగిన. దాటేసి కింది ముక్క చదువుదామంటే, "ఏందే ఆగినవు, చదువు" అన్నది. చదివిన. ఆ ముక్కనే మళ్ల చదువుమన్నది. మళ్ల చదివిన. లేచి ఇంట్లకు పోయింది. నేను కూర గిన్నె పట్టుకొని పోతే తలుపు తియ్యలే. నాకు చదువొచ్చినందుకు నేను ఇన్నేండ్లల ఎన్నడు గింత బాధపడలే.


నల్గొండ
26 ఆగస్టు 1988

అమ్మా,

నీ కాళ్లు మొక్కుతా, ఈ ఉత్తరం ఆఖరుదాక విను. జానమ్మత్తా, ఒక్క ముక్క గూడ దాటెయ్యకు.

నాకు నువ్వంటే సిగ్గు లేదు. నిన్ను గేటు కాడనుంచే పంపింది చీర చూసి గాదు. లోపలికొస్తే వార్డెన్ మేడమ్ నీకు చెప్తదని భయమయింది. నేను ఫెయిలయిన అమ్మా. మొదటి సంవత్సరంల కెమిస్ట్రీ పోయింది, ఇంగ్లీషు పోయింది. ఫెయిలయినోళ్ల ఇంటికి కబురు పెడ్తనని మేడమ్ అన్నది. మా అమ్మకు చదువు రాదు, నేనే చెప్పుకుంటా అని బతిలాడిన. చెప్పుకోలే.

బడిల, ఇంటర్‌ల అంతా తెలుగులనే చదివిన. ఇక్కడ సార్లు ఇంగ్లీషుల గడగడ చెప్పుకుంట పోతరు. అందుకునేటందుకు నేను ఆ ఇంగ్లీషు మాటల్నే తెలుగు అక్షరాలతోని రాసుకుంటా. క్లాసుల సగం మందిమి గట్లనే రాసుకుంటం. తర్వాత చదువుకుంటే నోట్లెకెళ్లి చప్పుడు వస్తది గని అర్థం రాదు. పరీక్షల ప్రశ్న చూసినంక, అది నేను చదివిందో చదవందో గూడ తెల్వలే. ఊళ్లె ఫస్టొచ్చే ఖమర్ అంటరు గద, ఆ ఖమర్ ఎవలో వేరేదనిపించింది.

నాయిన పోయి అప్పటికి కొన్ని నెలలే. ఆయన "మా పిల్ల డిగ్రీ" అని చెప్పుకున్నడని నువ్వు రాస్తే, ఆ ఉత్తరం సంచిల అడుగుకు పెట్టిన, మళ్ల తియ్యలే.

నౌకరీ ఉందని నువ్వు రాయంగనే నాకు పానం లేచొచ్చింది. ఇంక ఆ క్లాసుల కూసునే పని లేదనిపించింది. అమ్మ కోసం మానేసిందని అందరు మంచిగనే అంటరు. ఫెయిలయి మానేసిందని ఎవ్వరనరు. నర్సింగమ్మ అక్క ముచ్చట, ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు ముచ్చట అబద్ధం గాదు. గని నేను మానేస్తనన్నది దానికోసం గాదు. నీ కోసం గూడ పూర్తిగ గాదు. ఆ పని నువ్వు చేస్తనంటే నాకు అంత కోపమెందుకొచ్చిందంటే, నేను తప్పించుకునే తొవ్వకు నువ్వొచ్చి అడ్డం కూసున్నవు.

టీసీకి దరఖాస్తు ఇచ్చిన. వచ్చే వారం ఇస్తమన్నరు. ఇప్పుడు ఏం చెయ్యాల్నో నాకు తెలుస్తలేదు. కోపంగనన్న సరే, జవాబు రాయి.

ఖమర్


నందికొండ
5 సెప్టెంబర్ 1988

ఖమర్ బిడ్డా,

కోపం లేదని రాయమంటవా? ఉన్నది. వార్డెన్‌కు చెప్పుకున్న మాట నాకు చెప్పుకోకపోతివి. గని నువ్వు ఫెయిలయినవని విన్నంక నాకు అన్నం తినబుద్ధయింది. నవ్వకు. నా బిడ్డకు నేనంటే సిగ్గు అనుకొని ఇన్ని దినాలు ఎట్ల ఉన్ననో అల్లాకే తెలుసు. రెండు పాఠాలు రాకపోతే ఏమైతది? మనిషి పోయిందా?

ఫెయిలయితే చదువు ఖతమేనా అని జానమ్మను అడిగిన. మళ్ల రాయనిస్తరట గద. జానమ్మ మొగడు ఐటీఐ మూడుసార్లు రాసిండట. (జానమ్మ మాట: అది ఊరంత చెప్పే ముచ్చట గాదు, అయినా రాయమంటున్నది, రాస్తున్న. మూడు గాదు, నాలుగు.)

ఇంకో ముచ్చట. ఆఫీసుల సుగుణమ్మ అని ఒక క్లర్కమ్మ ఉన్నది. ఆమె మొగడు చిన్న వయసుల పోతే ఇంటర్ మీద ఇదే తీరు నౌకరీల చేరింది. ఆమెను పక్కకు పిలిచి, నా బిడ్డ గీ కుర్చీలకు వస్తే మంచిగుంటదా అని అడిగిన. "నాకు పసిపిల్లలుండె, నేను తప్పక కూసున్న. అన్నం పెట్టింది, కాదన. గని నా ఎనుకొచ్చి, డిగ్రీ ఉన్నదని నా మీది కుర్చీలకు పోయినోళ్లకు నేనే ఫైళ్లు అందిస్తున్న" అన్నది. "మీ పిల్లకు చదవబుద్ధి కాకపోతే తోల్కరా. చదవాల్నని ఉండి భయపడి వస్తే మాత్రం తోల్కరాకు. ఈడ గూడ భయపడుకుంటనే కూసుంటది" అన్నది. ఆమె మాట నిజమో కాదో నాకు తెల్వదు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు ఆలోచన చెయ్యి.

నేను కాగితం మీద ఇంకా వేలిముద్ర వెయ్యలే. నీ పేరు రాయించాల్నా, నా పేరు రాయించాల్నా, నువ్వే చెప్పు. అమ్మ మోకాలు కోసమని చెప్పకు. నాయిన కోసమని చెప్పకు. ఆయన చెప్పుకున్నడు, సంబురపడ్డడు, పోయిండు. పరీక్ష రాసేది ఆయన గాదు. నీకు ఆ చదువు కావాల్నా వద్దా, గంతే రాయి. వద్దంటే గూడ నేనేమనుకోను. ఇంటికి రా, నీ మంచం నీకున్నది.

మీ అమ్మ


నల్గొండ
18 సెప్టెంబర్ 1988

అమ్మకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టు. రాయడం, చింపడం, ఇదే పనైంది.

డిగ్రీ వల్ల నౌకరీ వస్తుందా అని అందరినీ అడిగాను. మంజులత రాదంది. కెమిస్ట్రీ సార్ వస్తే రావచ్చు అన్నాడు. వార్డెన్ మేడమ్ అదృష్టం అంది. ఎవరి మాట పట్టుకొని తేల్చుకోను? సుగుణమ్మ గారి మాట ఒకసారి నిజమనిపిస్తుంది. నర్సింగమ్మ అక్క మడత పెట్టే చీరలు గుర్తొస్తే అది కూడా తప్పనిపిస్తుంది.

ఒక సంగతి మాత్రం చెప్తాను. పోయిన మంగళవారం టీసీ తయారైందన్నారు. దాన్ని తీసుకోవడానికి పోతూ, ఆఖరుసారని బాటనీ ల్యాబ్‌లోకి వెళ్లాను. ఉల్లిగడ్డ పొర పలచగా తీసి, చిన్నవాటిని పెద్దగా చూపించే అద్దం కింద పెట్టాలి. నువ్వు రోజూ కోసే ఉల్లిగడ్డే అమ్మా. అందులో చిన్న చిన్న గదులు, ఇటుకలు పేర్చిన గోడలాగా, ఒకదాని పక్కన ఒకటి. మంజులత భుజం మీద గుద్దితే గాని నేను తల ఎత్తలేదు. "అద్దంలకు దూరుతవా ఏంది? మా వంతు రానియ్యవా?" అంది. ఆ గదులకు ఇంగ్లీషులో ఏం పేరో నాకు అప్పుడు గుర్తు లేదు. అయినా వాటిని చూశాను, అవేమిటో నాకు తెలిసింది. నీకు చూపించాలనిపించింది. ఇంకా ఏమేమి చూపిస్తారో చూడకుండా ఎట్లా పోతాను అనిపించింది.

అక్కడి నుంచి ఆఫీసుకు పోయి టీసీ వద్దన్నాను. గుమాస్తా కళ్లద్దాల పైనుంచి చూశాడు. "బస్సు టికెట్టా ఇది, తీసుకొని వాపసిచ్చేటందుకు?" అన్నాడు. ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి పంపాడు. ఆమె ఎందుకు మనసు మార్చుకున్నావు అని అడిగింది. ఉల్లిగడ్డ అని చెప్పలేక, ఇంటి దగ్గర కుదిరింది మేడమ్ అన్నాను.

అమ్మా, నాకు చదువు కావాలి. ఆ కాగితం మీద నీ పేరు రాయించు.

పోయిన రెండూ డిసెంబరులో మళ్లీ రాయాలి. కెమిస్ట్రీ సార్‌ను తెలుగులోనే అడిగాను, అర్థం కావడం లేదు సార్ అని. తిడతాడనుకున్నాను. "ఇన్ని రోజులు నోరు లేదా?" అన్నాడు. సాయంత్రం క్లాసు అయ్యాక తెలుగులో చెప్తున్నాడు. చూస్తే నాలాంటివాళ్లం గదినిండా ఉన్నాం. అయినా మళ్లీ ఫెయిలవుతానేమో. నువ్వు ఆ మెట్లు ఎక్కి దిగుతుంటే నేను ఇక్కడ ఫెయిలైతే ఎట్లా? నువ్వు గ్లాసులు కడుగుతావన్న బాధ పోలేదు, పోదు కూడా. అది సిగ్గు కాదని నమ్మితే చాలు.

నీ బిడ్డ
ఖమర్


నందికొండ
4 డిసెంబర్ 1988

బిడ్డా ఖమర్,

ఆర్డరొచ్చింది. మొన్న గురువారం నుంచి నౌకరీకి పోతున్న. మెహమూద్ మామ ఇంకా మాట్లాడతలేడు గని కండువా కోసం మనిషిని పంపిండు. వచ్చినోని చేతనే నా కుశలం గూడ అడిగిపిచ్చిండు.

మొదటి దినం ముచ్చట విను. మీ నాయిన ఉన్నన్ని దినాలు, పోయినంక గూడ, ఈ కాలనీల అందరు నన్ను ఖుద్దూస్ పెండ్లాం అనే పిలిచిన్రు. పొద్దున పెద్ద బుక్కు తీసి హెడ్ క్లర్కు "ఇక్బాల్ బీ" అన్నడు. నేను ఊకెనే నిలబడ్డ. మళ్ల అన్నడు. ఎవలో ఇంకా రాలేదు పాపం, గైరాజరు వేస్తరేమో అనుకున్న. సుగుణమ్మ మోచేత్తోని పొడిచి "నువ్వేనమ్మా!" అన్నది. అందరు నవ్విన్రు. నాకు గూడ నవ్వొచ్చింది.

పని కష్టం లేదు, మెట్లే కష్టం. రైలింగు పట్టుకొని ఎక్కుతున్న. పెద్ద సారు లోపట గంట కొడతడు. ఆ గంట కొట్టినప్పుడల్ల నాకు గుండె దడదడ అంటది, ఏం తప్పు చేసిన్నో అని. లేచి ఉరుకుత. చూస్తే నీళ్లడుగుతడు, గంతే.

నీకు పరీక్షల గూడ గంట కొడతరని జానమ్మ చెప్పింది. మా తాన గంట కొడితే లేవాలె. నీ తాన కొడితే లేవకు. భయమైనా కూసోని రాయి.

అయినంక నాకు ఉత్తరం ఎయ్యి. పాసయితే పాసయిన్నని రాయి. కాకపోతే అది గూడ రాయి.

మీ అమ్మ
ఇక్బాల్ బీ